మునిరత్నం అమర్చిన పెద్ద తలుపు

పాకాలలో ఎద్దులబండి కుప్పయ్యంటే తెలియనివాళ్లు లేరు. ఆయన ఒక్కగానొక్క కొడుకు మునిరత్నం కాన్పూరులో విమానాలు చేసే ఫ్యాక్టరీలో పనివాడు. మిలిటరీకి చేస్తారని విన్నదే చాలు, కొడుకు చేసిన విమానం యుద్ధంలో శత్రువుల మీద నిప్పులు కురిపించిందని కుప్పయ్య టీకొట్టు దగ్గర ఏళ్లతరబడి చెప్పుకున్నాడు.

ఆ ఏడు సెలవుకు వచ్చిన మునిరత్నం, తాము చేసే రకం విమానమే రేణిగుంటలో దిగుతుందని, చూపిస్తానని తండ్రిని బయలుదేరదీశాడు. టీకొట్టు పెంచలయ్య కూడా వెంటబడ్డాడు.

రెక్కలకు రెండు పంకాలు గిర్రున తిరుగుతూ ఆవ్రో అనే ఆ విమానం వచ్చి కంచె అవతల ఆగింది. కొండకు పోయే భక్తులు చంకలో బిడ్డలతో, చేతిలో సంచులతో దిగారు.

"ఏమప్పా కుప్పయ్యా, నిప్పులు కురిపించేది ఇదేనా? గుండు కొట్టించుకునేవాళ్ల బస్సు మాదిరుండాదే" అన్నాడు పెంచలయ్య.

కుప్పయ్యకు తల కొట్టేసినట్టయింది. రేపు టీకొట్టు ముందు నుంచి ఎట్లా నడిచేది? కొడుకు ముఖం చూడకుండానే, తుపాకీ లేదా అని అడిగాడు.

"లేదు నాయనా."

మునిరత్నం మెల్లగా చెప్పుకొచ్చాడు. ఇది ఇంగ్లండువాళ్ల నమూనా. మొదట విడిభాగాలు అక్కడి నుంచి వస్తే కాన్పూరులో బిగించేవాళ్లు. పోనుపోను చాలావరకు ఇక్కడే చేయడం నేర్చారు. జనాన్ని మోసే ఈ విమానమే మిలిటరీకీ పనికొస్తుంది. సీట్లు తీసేస్తే మూటలు ఎక్కుతాయి, పారాచూట్లు కట్టుకుని దూకే సిపాయిలు ఎక్కుతారు. యుద్ధంలో దెబ్బలు తిన్నవాళ్లను పడుకోబెట్టి తెచ్చింది కూడా ఇందులోనే.

కుప్పయ్య తలెత్తాడు. బండికి గూడు కట్టి పెళ్లికూతుళ్లను, గూడు తీసి వేరుశనక్కాయలను మోసిన మనిషి ఆయన. "తలుపు సన్నం గదరా. పడుకున్నోణ్ణి యాడ దూర్చేది?"

"అప్పుడు అగసాట్లే నాయనా. ఇప్పుడు మిలిటరీకి చేసేదానికి యెనక పక్క పెద్ద తలుపు పెట్టినాం. దాని అంచులకు రేకులు కలిపే రివిట్లు కొట్టింది నేనే."

కుప్పయ్య కొడుకు చేతులకేసి చూశాడు. మునిరత్నం పసివాడుగా ఉన్నప్పుడు, కాన్పు కష్టమైన భార్య అక్కమ్మను చిత్తూరు ఆసుపత్రికి ఈయనే బండిలో తోలుకుపోయాడు. ఎద్దులు నురగలు కక్కేలా తోలినా ఆమె దారిలోనే పోయింది. ఆ దారి మాట ఆయన ఎన్నడూ ఎత్తేవాడు కాదు.

"ఆసుపత్రికి సేరేసరికి పానంతో ఉండిరా వాళ్లు?"

"వాళ్లలో ఒకడు మా ఫ్యాక్టరీ గేటుకాడే కావలి ఉండాడు. కాలు లేదు, మనిషుండాడు."

కుప్పయ్య కండువాతో ముఖం తుడుచుకుని పెంచలయ్య వైపు తిరిగాడు.

"బస్సేనప్పా. నా బండి సేయలేని పని సేసింది."

విమానం మళ్లీ పైకి లేచేదాకా కుప్పయ్య అక్కడి నుంచి కదల్లేదు. కంచె పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్లకు, దాంట్లో తుపాకీ ఉండదనే మొదలుపెట్టి, కొడుకు పెట్టిన తలుపు ఎంత వెడల్పో రెండు చేతులూ చాచి చూపించాడు.