నానమ్మ చూసిన రెండు కచేరీలు

మా చిన్నప్పుడు... శంషాబాద్ పక్కన మా ఊళ్లో నానమ్మ వాకిలి ఊడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటోందంటే, ఆ రోజు ఎవరికో మూడిందని మాకు తెలిసిపోయేది.

ఆ ఏడాదంతా ఆమె గొడవ ఒక్కటే... బాట. మా బావి దగ్గరికి పోయే బండ్ల బాట పక్కవాళ్ల చేను మీదుగా ఉండేది. ఆ చేను పట్నం వాళ్లెవరో కొని, బాటకు అడ్డంగా రాతి కడీలు పాతించారు. ఇక బండి పోదు. కూరగాయలన్నీ గట్ల మీద నడుస్తూ నెత్తిన మోసుకురావాలి. బాపు "సూద్దాం తియ్" అనేవాడు. నానమ్మకు కడీల మీద కన్నా ఆ "సూద్దాం" మీదే ఎక్కువ మంట.

మా ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని గోదావరి వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఉండేవారు. ఒకరోజు ఆమె నానమ్మ దగ్గరికొచ్చి, "ఆదివారం పట్నంలో పెద్ద కచేరీ ఉందండీ. మీరూ రాకూడదూ? పిల్లల్ని కూడా తీసుకెళ్దాం" అన్నారు.

ఇక్కడే వచ్చింది తిరకాసు... టీచరమ్మ ఊళ్లో కచేరీ అంటే పాటకచేరీ. మా ఊళ్లో కచేరి అంటే తాసిల్దారు ఆఫీసు!

నానమ్మ కళ్లనిండా నీళ్లు. "కన్నకొడుకు సూద్దామన్నడు. నువ్వు కచేరికి తోల్కపోతనంటున్నవ్. నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది. టీచరమ్మ కంగారుపడి, "అయ్యో, దానికే అంత మాటెందుకండీ" అన్నారు. ఆదివారం ఆఫీసు ఉండదని ఇంట్లో ఎవరికీ తట్టలేదు...

ఆదివారం పొద్దున్నే నానమ్మ సందూక తెరిచి జరీచీర తీసింది. సద్దిమూటలో సర్వపిండి కట్టింది. బస్సు మైలార్‌దేవ్‌పల్లి దాటేదాకా సారుతో చెప్పాల్సిన మాటలు నాకు వినిపిస్తూనే ఉంది... "సారూ, దండం. మా తాతల కాలం బాట..."

జూపార్కు దగ్గర నేనూ చెల్లీ దిగుదామని గోల. నానమ్మ ఒక్క చూపు చూసింది... అంతే, నోళ్లు మూతపడ్డాయి. చార్మినార్ కింద గాజులు మెరిసిపోతున్నా తల తిప్పలేదు. ఇరానీ హోటల్లో టీచరమ్మ చాయ్ ఇప్పిస్తే, సాసర్లో పోసుకుని గబగబా తాగేసి "జర జల్ది నడువుండ్రి, సారు లేస్తే మళ్ల దొరకడు" అంది. సారంటే పాటగాడనుకుని, "కచేరీ సాయంత్రం కదండీ" అని నవ్వారు టీచరమ్మ. మేం మాత్రం ఉస్మానియా బిస్కెట్లు జేబుల్లో కుక్కుకున్నాం.

సాయంత్రం హాల్లోకి అడుగుపెట్టగానే చెల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మా ఊరి జనమంతా వచ్చినా ఒక మూలకు సరిపోరు... నానమ్మ గొంతు తగ్గించి, "ఇంతమందికి బాట పంచాయితీలున్నయా!" అంది. పాపమనిపించింది కాబోలు, పక్కనున్న ఆమెకు సర్వపిండి ముక్క పెట్టింది.

తెర లేచింది. శాలువా కప్పుకున్న పెద్దాయన వేదిక మీదికి రాగానే అందరూ చప్పట్లు. నానమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. "సారూ, దండం. మా బాయికాడికి పొయ్యే బాటకు..." వెనక నుంచి ఎవరో "కూర్చోండమ్మా" అన్నారు. ఇంతలో ఆయన "ఆ..." అంటూ రాగం ఎత్తుకున్నాడు.

"గొంతు సవరించుకుంటుండు, కానియ్" అని నానమ్మ ఓపిగ్గా నిలబడే ఉంది. ఆ సవరింపు ఎంతకీ అవ్వదే... వయొలిన్ కూడా కలిసింది. నానమ్మ మెల్లగా టీచరమ్మ వైపు తిరిగింది.

టీచరమ్మకు అప్పుడర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో, నేను పాటకచేరీ అన్నానండీ" అన్నారు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఇక అయిపోయింది, ఇల్లు చేరేదాకా తిట్లేననుకున్నాను. నానమ్మ కూర్చుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తర్వాత, "వచ్చినం కద, ఇందాం తియ్. గొంతైతే మంచిగుంది" అంది. చివరిదాకా తల ఊపుతూనే ఉంది... మధ్యలో ఒకసారి కళ్లు తుడుచుకుంది. పాటకో, బాటకో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు టీచరమ్మ బడికి సెలవు పెట్టి నానమ్మను అసలు కచేరికి తీసుకెళ్లారు. అప్పటికి ఆ మాటలు నానమ్మకు ఎంత నోటికొచ్చాయంటే, గుక్క తిప్పుకోకుండా చెప్పేసిందట. కొన్నాళ్లకు కడీలు పక్కకు జరిగాయి. మా బండి మళ్లీ ఆ బాటనే పోయింది.

ఇప్పుడు ఆ పక్క చేను పెద్ద ఈవెంట్ల మైదానం. మా బాట తారురోడ్డు. పోయిన నెల అక్కడ పాటల ప్రోగ్రాం ఉందంటే నానమ్మను కూడా తీసుకెళ్లాను. కార్లు బారులు తీరి మా బావి పక్కనుంచే పోతున్నాయి. నానమ్మ చేతికర్ర ఆనించుకుని నిలబడి, చాలాసేపు చూసింది.

"కచేరికి పోయి తెచ్చిన బాట బిడ్డా ఇది... ఇప్పుడు అందరు దీని మీది నుంచే కచేరికి పోతుండ్రు" అని పగలబడి నవ్వింది. నాక్కూడా నవ్వాగలేదు. టీచరమ్మ ఏ ఊళ్లో ఉన్నారో గానీ, పక్కనుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

నా కూతురు మాత్రం మా ఇద్దర్నీ వింతగా చూసింది. దానికి అది కాన్సర్ట్, ఇది ఆఫీసు... కచేరి అన్న మాటే తెలియదు. ఇక పొరపాటు పడి కలిసి బస్సెక్కే అదృష్టం దానికెక్కడిది?

మీ ఇంట్లో కూడా ఇలా ఒక మాట ఎవరినైనా ఇంకో చోటికి తీసుకెళ్లిన సంగతి ఉందా... ఉంటే చెప్పండి, నానమ్మకు చదివి వినిపిస్తాను.