చాలన్న చేతి మీద వెన్న

మొన్న మావాడుండే ప్లేనో ఊళ్లో వాడూ కోడలూ నన్నొక టర్కీ హోటల్‌కి తీసుకెళ్లారు. రొట్టె ముక్కల మీద మాంసం పరిచిన ఇస్కెందర్ కబాబ్ వచ్చింది. వెనకే వెయిటర్ చిటపటలాడే వెన్న తెచ్చి నా పళ్లెం మీదికి వంచబోయాడు. నా చెయ్యి దానంతటదే లేచి పళ్లేనికి అడ్డం వెళ్లింది. "అయ్యో అత్తయ్యా, హాట్!" అంటూ కోడలు లాగేసింది. ఆ చెయ్యి నేనెరుగుదును.

ఎనభైలలో, మావాడు కడుపులో ఉండగా, మేమొక యూనివర్సిటీ ఊళ్లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మావారు ల్యాబ్ నుంచి వచ్చేదాకా పైవాటా టర్కీ ఆవిడే నాకు దిక్కు. పురుడు పోయడానికి ఇండియా నుంచి దిగిన అత్తగారికి ఆ స్నేహం నచ్చలేదు. "ఎవరో ఏమిటో! బిడ్డ పుట్టాక గడప తొక్కనివ్వకు" అనేశారు. నా ప్రాణం ఉసూరుమంది. ఒక్కసారి వాళ్లింటికి రండి, చూశాక మీ ఇష్టం అని బతిమాలి భోజనానికి తీసుకెళ్లాను.

పళ్లెంలో ఇదే కబాబ్: రొట్టె ముక్కలు, వాటి మీద సెగకి కాల్చి పల్చగా కోసిన గొర్రెమాంసం, టమాటా రసం, పక్కన గడ్డపెరుగు. అత్తగారు మాంసం తింటారు గానీ పెరుగు చూసి అదిరిపడ్డారు. "మాంసంలో పెరుగేమిటే! వచ్చీ రాగానే పెరుగు వడ్డిస్తే, ఇక లేవమనా?" అని నా చెవిలో గొణిగారు. అంతలో ఆవిడ వెన్న కాచిన గిన్నెతో వచ్చింది. నెయ్యి చాలంటే విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం కదా, అత్తగారూ పెట్టారు. మనవాళ్లయితే ఆగుతారు. ఆవిడకేం తెలుసు పాపం, పోసేసింది!

అమ్మో, ఆ కేక! చన్నీళ్ల కింద చెయ్యి పెట్టించి, టర్కీ ఆవిడ వలవలా ఏడ్చింది. ఇక ఈ స్నేహం ఇంతటితో సరి అనుకున్నాను. కాలింది కుడిచెయ్యి, ఎడమచేత్తో అత్తగారు తినరు. ఉన్నట్టుండి ఆవిడే రొట్టె, మాంసం, పెరుగు కలిపి అత్తగారి నోటి దగ్గర పెట్టింది. ఏనాడూ నా చేతి ముద్ద తినని మనిషి, నోరు తెరిచారు! నమిలి మింగి, "పెరుగు ఇంకాస్త వెయ్యమను" అన్నారు.

తర్వాత మావాడికి నీళ్లు పోసింది ఆవిడే. చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని అత్తగారు తెలుగులో పురమాయిస్తుంటే, ఆవిడ టర్కీ భాషలో ఊఁ కొట్టేది.

హోటల్లో కోడలు నా చెయ్యి ఇంకా వదల్లేదు. కిందికి చూసుకున్నాను. ముడతలు పడి, నరాలు తేలి, అచ్చం అత్తగారి చెయ్యే. కాలం ఎప్పుడు తెచ్చి అతికించిపోయిందో!