మాస్టారింటి తలుపు

రోజూ సాయంత్రం ఆనందకుమారి సోడా నీళ్లలో గుడ్డ ముంచి వీధి తలుపు తుడిచేది. భర్త సాలొమోను ఐ.టి.ఐ.లో ఫిట్టర్ మాస్టారు. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు వర్క్‌షాపు నుంచి తిన్నగా ఢిల్లీ జనక్‌పురిలో ఉన్న వీళ్లింటికి వచ్చి, మసి చేతులతోనే తలుపు నెట్టేవారు.

"నల్లరంగు వేయించండి, నాకీ చాకిరీ తప్పుతుంది" అనేదావిడ.

"అప్పుడు నీ చేతి పనితనం ఎవరికి కనబడుతుంది కుమారీ" అనేవాడాయన.

మాస్టారు పోయాక ఎవరూ రావడం లేదు. తలుపు తుడిచే పనే లేదు.

కిందటేడు నోయిడాలో పంపులు చేసే కొత్త ఫ్యాక్టరీ వాళ్లు, కుర్రాళ్ల పని చూసి ఉద్యోగాలిస్తామన్నారు. ఇనుప ముక్కలిచ్చి ఆకురాయితో అరగదీయమంటే, వీళ్లు పరీక్షకి నేర్చినట్టే ఒక్కోదాన్నీ అద్దంలా మెరిసేదాకా రుద్దుతూ కూర్చున్నారు. ఈలోగా పక్కన ఫ్యాక్టరీ మనిషి పూర్తయిన ముక్కలతో గంప నింపేశాడు.

"మాస్టర్‌జీ, మేం చేసేది పంపులు. మీవాళ్లు పెళ్లికూతురికి గాజులు చేస్తున్నారు" అని ఫోర్‌మన్ అందర్నీ తిప్పి పంపేశాడు.

ఆ పూట మాస్టారికి అన్నం సయించలేదు. "వాళ్ల తప్పు కాదు. మెరుపుకే మార్కులేశాను నేను" అన్నాడు.

వేసవి సెలవులకి చీరాల వెళ్దామని ఆవిడ పెట్టె సర్దుకుంటే, ఆయన ఖాకీ బట్టలేసుకుని ఆ ఫ్యాక్టరీకే పని నేర్చుకోవడానికి బయల్దేరాడు.

"ఈ వయసులో ఎవరి కింద చేస్తారండీ?"

"ఆ ఫోర్‌మన్ కిందే. బాగా తిడతాడు, పని తొందరగా వస్తుంది."

సెలవులన్నీ అక్కడే గడిపాడు. సిగ్గుపడలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. అక్కడి పాత పంపులు అడిగి తెచ్చి, ఎక్కడ నునుపు కావాలో, ఎక్కడ అక్కర్లేదో వాటి మీదే కుర్రాళ్లకి నేర్పాడు. ఇంకొక్కసారి చూస్తానన్నాడు ఫోర్‌మన్, అదే ఆఖరన్నాడు. ఆ రోజు రాకుండానే మాస్టారి గుండె ఆగిపోయింది.

ఫోర్‌మన్ చూస్తానన్న ఆ రోజు ఇవాళే. ఆనందకుమారి పొద్దుట్నుంచీ పొయ్యి వెలిగించలేదు. ప్రార్థనకి మోకరించినా కుర్రాళ్ల చేతులే గుర్తొచ్చాయి.

పొద్దువాలుతుంటే తలుపు దభాలున తెరుచుకుంది. ముందు రాజ్‌పాల్, వెనక మిగతా కుర్రాళ్లు.

"ఆంటీజీ, అందర్నీ తీసుకున్నారు. వచ్చే ఏడాది కుర్రాళ్లనీ పంపమన్నారు."

"ఫోర్‌మన్ ఏమన్నాడు?"

"గాజులు చేయడం మర్చిపోయారా అన్నాడు."

ఆనందకుమారి నవ్వింది. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. పొయ్యి ముట్టించి అందరికీ టీ పెట్టింది.

వాళ్లు వెళ్లాక చూస్తే తలుపు నిండా నల్లటి అరచేతులు. అలవాటుగా సోడా నీళ్లు కలిపింది, గుడ్డ ముంచి తెచ్చింది. కాసేపు తలుపు ముందు నిలబడి, గుడ్డ గట్టిగా పిండి దండెం మీద ఆరేసింది.