అక్క మోకాలి సాక్ష్యం

అక్కకు మోకాలు మార్చాక నెల్లూరు ఆసుపత్రి వాళ్ళు రెండు బెల్టులిచ్చి ఇంటికి పంపారు. ఒకటి మోకాలికి పైన, ఒకటి కింద కట్టాలి. కాలు ఎంత వంగుతోందో ఫోన్‌లో బొమ్మ కదిలి చూపిస్తుంది. చాలినంత వంగితే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. టౌన్లో ఉన్న ఫిజియోథెరపీ ఆవిడకూ అదే కనబడుతుంది. ఇందుకూరుపేట నుంచి రోజూ తిరిగే బాధ తప్పిందని సంబరపడ్డాం.

కాలు వంచబోతే చాలు, అక్క "యేసయ్యా" అని కేక పెట్టేది. ఫోన్ మాత్రం ఎర్రగానే ఉండేది. నాకు దాని మీద ఒళ్ళు మండేది. నొప్పి తెలియని వస్తువుకు పెత్తనమిస్తే ఇంతే కదా! ఒక మధ్యాహ్నం "చాల్లే అక్కా, పడుకో" అని బెల్టులు విప్పి, వంటింట్లోకి తీసుకుపోయి నా కాలికి కట్టుకున్నాను. నా మోకాలికేం రోగం, భేషుగ్గా వంగింది. ఫిజియోథెరపీ ఆవిడ ఫోన్ చేసి మరీ అక్కను మెచ్చుకుంది.

"నేను వంచిన ఆ కాస్తే చాలిందంటనా?" అని అక్క ఆశ్చర్యపోయింది. చాలిందన్నాను. ఆ సంతోషం చూశాక మర్నాడూ అదే పని చేశాను, ఆ తర్వాతా మానలేదు.

ఆదివారం చర్చిలో అక్క వాకర్ పట్టుకుని లేచి సాక్ష్యం చెప్పింది. "నా వల్ల కాకపోయినా దేవుడే నా కాలు వంచినాడు. ఫోన్లో పచ్చగా చూపిస్తా ఉండాది." అందరూ స్తోత్రం అన్నారు. పక్కన కూర్చుని నేనూ అన్నాను. నాకు నోరెలా వచ్చిందో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మొన్న చెకప్‌లో డాక్టరు గారు చేత్తో వంచి చూస్తే కాలు బిగుసుకుపోయి ఉంది. మళ్ళీ మత్తిచ్చి వంచాలన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క ఏడ్చింది. "నా విశ్వాసమే చాల్లేదు మే. ఆయన ఇచ్చింది నేనే పోగొట్టుకున్నా."

ఇక దాచలేకపోయాను. బెల్టుల సంగతంతా చెప్పేశాను. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కాలుదేముందిలే, ఇంకోసారి ఓర్చుకుంటా. దేవుని ముందర నా చేత అబద్ధం చెప్పించినావే," అంది. ఇల్లు దగ్గరపడ్డాక నా వైపు తిరిగింది. "ఈ ఆదివారం నువ్వు లేచి చెప్పాల."

సరేనన్నాను. రేపే ఆదివారం. చర్చికి కట్టుకునే తెల్లచీర ఉతికి ఆరేశావా అని అక్క ఇందాకే అడిగింది.