పదిహేడో నంబరు ఫొటో

మా ఫొటో స్టూడియో కంప్యూటర్‌ల ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ. దాన్ని చేసినోళ్లే ఇక దీని మొకం చూడం అని చేతులు దులుపుకొని చాన ఏండ్లయింది. సరిహద్దు కాడి మా కోంటాలో అందరూ కొత్తవి కొనుక్కున్నరు, నేను కొనలేదు. మొండితనం అనండి, పిసినారితనం అనండి, రెండూ నిజమే. పాస్‌పోర్టు ఫొటోలకు నంబరేసి దాచి, ఒక్కో కాగితం మీద ఎనిమిది పేర్చే ప్రోగ్రాం ఆ పాతదాని మీదనే నడుస్తది. మా నాయన దాని మీదనే పని నేర్పిండు. నాకు ఇంకోటి చేతగాదు.

ఆ ప్రోగ్రాం అమ్మినోళ్లు కూడా దుకాణం కట్టేసిండ్రు. ఏడాదికోసారి గడువు పొడిగించాలె, పొడిగించేటోడు లేడు. గడువు దాటిన పొద్దున అది తెరుచుకోనే లేదు. జగదల్‌పూర్ నుంచి వచ్చిన మెకానిక్ చూసి, "తీసి పారెయ్ భయ్యా, ఇది ఖతం" అన్నడు. నాకు ఒళ్లు మండింది. వాడు పోయినంక నేనే కూర్చొని, కంప్యూటర్ తారీఖును వెనక్కి, గడువు ఇంకా మిగిలున్న నెలకు తిప్పిన. కిక్కురుమనకుండ తెరుచుకున్నది. ఆరోజు మా ఆవిడ ముందు ఎంత గొప్పలు పోయిన్నో.

ఇగ అదే నా పద్ధతి. ఆ నెల ఐపోవస్తే మళ్లీ ఒకటో తారీఖుకు తిప్పుడు. బయట ఇప్పపూలు రాలి, వానలు పడి, చలి వచ్చేది. మా కంప్యూటర్ల మాత్రం ఎప్పుడూ ఆ ఒక్క నెలే. తిప్పినప్పుడల్లా ప్రోగ్రాం లెక్క మరిచేది, ఫొటోల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేవి. అప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చేది, ఈ నంబరు మీద పాత ఫొటో ఉంది, తీసేసి దీన్ని పెట్టమంటవా అని. ఎస్, నో, రెండే బటన్లు. నో కొడితే పని ఆగిపోతది. ముందట సంత జనం లైను కట్టి నిలబడి ఉంటరు. నేను ఎస్ కొట్టేవాణ్ని. పాత ఫొటోల కోసం ఎవరొస్తరులే అనుకున్న.

మా కవరు మీదేమో మా నాయన కాలం నుంచీ ఒక మాట అచ్చేసి ఉంటది. 'కాపీలకు ఈ నంబరు చూపండి. ఎప్పుడైనా ఇస్తాము.' ఆ నంబరు నేనే పెన్నుతో రాసేవాణ్ని.

స్టూడియోల ఒక నీలం చొక్కా కూడా ఉండె, మేకుకు తగిలించి. సంతకు బరువులు మోసుకొని, చెమటకు తడిసి వచ్చేటోళ్లకు అదే తొడిగేవాణ్ని. మెడ గుండీ నేనే పెట్టేవాణ్ని. మెడ గుండీ పెడితే మనిషి సూటిగ కూర్చుంటడు.

మొన్న ఎండాకాలం ఒక సంత రోజు పొద్దున్నే ఒకామె వచ్చింది. ఆమెది కిష్టారం అవతల ఊరు. మిర్చి ఏరే పనులకు పోయి నేర్చుకున్న తెలుగు, మధ్య మధ్య వాళ్ల దోర్లీ మాటలు. నడుం కాడ దోపుకున్న ప్లాస్టిక్ సంచిల నుంచి మా కవరు తీసింది. దాని మీద నా రాతనే, పదిహేడు.

"మా పిల్లగాని ఫొటో ఇయ్యి సేటు," అన్నది.

కొడుకు తెలంగాణకు మిర్చి పనికి పోయి, అక్కడ జ్వరమొచ్చి, ఇంటికి తెచ్చేలోపే పోయిండట. ఆధార్ కార్డు సెల్‌ఫోన్ కవర్లనే పెట్టుకునేవాడట, ఆ గడబిడల రెండూ పోయినయి. దసరా ముందర నేను తీసిచ్చిన ఫొటోలు కొన్ని ఫారాల మీదికి పోతే, మిగిలినయి ఇంట్ల వానకు తడిసి ఒకదానికొకటి అతుక్కున్నయట. పోయినోళ్లకు రాయి నిలబెట్టి, దానికి బట్ట చుట్టుడు వాళ్ల పద్ధతి. ఈ మధ్య రాయి మీద మనిషి బొమ్మ కూడా వేయిస్తున్నరు.

"రాయి తెచ్చినం. నిలబెట్టటానికి మేనమామలు ఎల్లుండి వస్తరు," అన్నది. "బొమ్మలేసేటాయన ఫొటో చూపమన్నడు. చూపకపోతే ఆయనకు తోచిన మొకం ఏస్తడు గద."

దసరా అయి ఎన్ని నెలలైందో, నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పిన్నో లెక్కేసుకుంటే ఆ ఫొటో మిగిలి ఉండదని తెలిసింది. అయినా ఏదో వెర్రి ఆశ. పదిహేడు నొక్కిన.

నీలం చొక్కా, మెడ గుండీ, ఒక పడుచు పిల్లగాడు. పోయిన వారం బండి లైసెన్సు కోసం తీయించుకున్నడు. ఆరోజు పొద్దున కూడా మా షాపు ముందు నుంచే బండి మీద పోయిండు.

ఆమె కండ్లకు పొర కమ్మినట్టుంది. తెర దగ్గరికి జరిగి కాలరు మీద వేలు పెట్టింది. "ఇగో, వీడే," అన్నది.

నిజం చెప్తున్న, ప్రింట్ బటన్ మీదికి నా చెయ్యి పోయింది. నొక్కితే ఆమె సంబరంగ పోయేది. బతికున్నోని మొకం సచ్చినోని రాయి మీదికి ఎక్కేది. ఆ ఒక్క నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసయ్యం.

"వీడు కాదక్కా," అన్న చివరికి.

ఆమె ఇంకా వంగి చానసేపు చూసింది. "మావానికి కనుబొమ్మ మీద మచ్చ ఉండాలె," అన్నది మెల్లగ. "మావాడేడి మరి?"

తారీఖు సంగతి ఎట్ల చెప్పాలె? "నేనే చెరిపేసిన అక్కా. పట్టించుకోక చెరిపేసిన," అన్న.

తిట్టినా బాగుండు. ఆమె కవరు తిప్పి, అచ్చు మీద వేలు పెట్టింది. "ఎప్పుడైనా ఇస్తమని దీంట్ల రాసి ఉందని మావాడు చదివి చెప్పిండు. అందుకే దాచిన," అన్నది.

ఆమె మేకుకున్న చొక్కా దిక్కు చూసింది.

"వాడు తొడుక్కున్నది ఆ చొక్కానేనా?"

"అదే అక్కా."

"ఇంటికొచ్చి దాని సంగతే చెప్పిండు. సేటు మెడ కాడ బిగించిండు, ఊపిరాడలే అని ఒకటే నవ్వుడు." ఆగి, "అదన్నా ఇయ్యి," అన్నది.

తీసి ఇచ్చిన. ఆమె మడిచి, కవరుతో పాటు ఆ సంచిలనే పెట్టుకొని పోయింది.

ఆరోజు నుంచి తారీఖు తిప్పలేదు, ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఆ మెకానిక్ మాట అప్పుడే వింటే ఆ తల్లికి కొడుకు మొకం మిగిలేది. అంత తెలివి నాకెందుకు పుట్టిందో అని ఏడ్చిన, మా ఆవిడ చూడకుండ.

వానలు మొదలైనంక బడి పిల్లల ఫొటోలు తీయటానికి కిష్టారం దిక్కు పోయిన. ఆమె ఊరి కాడ బండి ఆపిన. రోడ్డు పక్కన వరసగ రాళ్లు, అన్నిటి మీదా బొమ్మలు. ఒక్కదాని మీద బొమ్మ లేదు. దానికి మా నీలం చొక్కా తొడిగి ఉంది, వానకు తడిసి, చేతులు కిందికి వేలాడుతున్నయి. కింది నుంచి గుండీలన్నీ పెట్టింది. మెడ గుండీ ఒక్కటి వదిలేసింది.