మా అత్త ఓటు

మొన్న నర్సీపట్నం బస్టాండు పక్కన ఎవరో పాత కారులో డబ్బాతో పెట్రోలు పోస్తుంటే ఆ ఘాటు వాసన నా దాకా వచ్చింది. డెబ్బై దాటిన ఈ వయసులో కూడా ఆ కారు వెళ్ళేదాకా అక్కడే నిలబడిపోయాను. మొట్టమొదట నేను ఆ వాసన పీల్చిన రోజున మా మేనత్త కూతురు రాజ్యం కారులో కూర్చుని ఉంది, నేను వీధిలో నిలబడి ఉన్నాను.

అది పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మద్రాసు శాసనమండలికి ఎన్నికలు వచ్చేవి కాని, ఓటు అందరికీ ఉండేది కాదు. సొంత పేరున భూమి ఉండి సర్కారుకి తగినంత శిస్తు కట్టేవాళ్ళకే ఉండేది. మా నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. ఊళ్ళో సగం అర్జీలు ఆయన దస్తూరీలోనే పైకి వెళ్ళేవి, అయినా ఆయన పేరున సెంటు నేల లేదు. ఆయన చెల్లెలు, మా సూరమ్మత్తకి చిన్నతనంలోనే భర్త పోతే, మా తాత జాలిపడి గొలుగొండ వైపున్న పల్లపు భూమంతా ఆవిడ పేరున రాసేశాడు. దాంతో చదువురాని మా అత్తకి ఓటు వచ్చింది, నాన్నకి రాలేదు.

నాగులచవితి వెళ్ళిన రోజులవి. పొద్దున్నే కొండల మీంచి మంచు వీధిలోకి దిగి వచ్చేది. ఇంట్లో ఇంకా నువ్వుల చిమ్మిలి వాసన, అరుగుల మీద ఎండబోసిన చోడి గింజలు, సంతకి కావిళ్ళతో దిగి వచ్చే కొండవాళ్ళ అడుగుల చప్పుడు. ఆ ఏడు వీటన్నిటి మధ్య ఓట్ల సందడి కూడా చేరింది. ఒకవైపు జమీందారు గారు, ఒకవైపు ప్లీడరు గారు నిలబడ్డారు. ఇద్దరి మనుషులూ మా ఇల్లు దాటుకుని వెళ్ళి మా అత్త అరుగు మీద కూర్చునేవారు. వాళ్ళిచ్చిన పిప్పరమెంటు బిళ్ళలు బుగ్గన పెట్టుకుని రాజ్యం గచ్చకాయలాడటానికి వచ్చేది, చప్పరించినంతసేపూ నోరు తెరిచి చూపించేది.

"అచ్చరం ముక్క రాందానికి ఓటంట," అన్నాడు నాన్న ఓ రోజు భోజనం దగ్గర.

"ఆ బూవి మీ నాయనిచ్చిందే గదండీ," అంది అమ్మ.

నాన్న విస్తట్లో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

ఓట్ల రోజున ప్లీడరు గారి మనుషులు అత్త కోసం బంతిపూల దండలు కట్టిన కారు తెచ్చారు. వీధి వీధంతా బయటికి వచ్చింది. రాజ్యం పట్టు పరికిణీ కట్టుకుని వెనక సీట్లో కూర్చుని, అద్దంలోంచి నన్ను చూసి, "మా యమ్మకి ఓటుంది, మీ నాన్నకి నేదు," అంది. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు. కారు కదిలాక ఆ పెట్రోలు పొగలో చాలాసేపు నిలబడ్డాను.

నాన్నకి ఆ రోజు బడిలో ఓట్ల బల్ల దగ్గర డ్యూటీ. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేను వెళ్ళేసరికి, భూమి గొలుగొండ వైపుది కనక ఆ ఊరి వంతు వచ్చేదాకా కూర్చోబెట్టిన అత్త, కొంగు నెత్తిన కప్పుకుని సరిగ్గా ఆయన ఎదుటికి వచ్చింది.

"పేరు?" అన్నాడు నాన్న తల ఎత్తకుండా.

"ఏటన్నియ్యా, నా పేరు నీకు తెల్దా?"

వెనక ఎవరో నవ్వారు.

"పేరు చెప్పాలి."

"సూరమ్మ."

"భర్త పేరు?"

అత్త కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. ఆ రోజుల్లో ఆడది మొగుడి పేరు పలికేది కాదు, మొగుడు పోయినా పలికేది కాదు. పక్కనున్న కరణం గారు ఆవిడ తరఫున చెప్పబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, "ఆవిడే చెప్పాలి," అన్నాడు. చెప్పకూడదు, చెప్పకూడదు, వట్టి చేతులతో వెనక్కి పోవాలి అని క్యారేజీ గట్టిగా పట్టుకుని నేను మొక్కుకుంటున్నాను. అత్త తన అన్న ముఖంలోకి సూటిగా చూసింది.

"అప్పలనాయుడు," అంది. గది అంతా వినపడింది. "ఇంకోపాలి సెప్పమంతావా అన్నియ్యా?"

నాన్న తల వంచి రాసుకున్నాడు. కలం రెండుసార్లు సిరాలో ముంచాడు.

ఓటు వేసి బయటికి వచ్చిన అత్త కారెక్కలేదు. ఏడుస్తున్న రాజ్యాన్ని రెక్క పట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. పూలదండల కారు హారన్ కొట్టుకుంటూ వాళ్ళ వెనకే ఖాళీగా వెళ్ళింది.

క్యారేజీ విప్పనే లేదు నాన్న. దీపాలు పెట్టే వేళకి నా చెయ్యి పట్టుకుని అత్త ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. అత్త మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఎవురికేసినావే?"

"అది సెప్పకూడదంత గదా. మీ వోల్లే సెప్పినారు."

"నా మీద కోపవొచ్చిందా?"

అత్త గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "పెల్లయిన కాడ్నించీ ఆ పేరు నోట్లోనే దాసుకున్నాను. ఆయన పోయినా పైకి అన్లేదు. ఇయ్యాల నీ మూలాన అన్నాను. అన్నాక బాగానే ఉంది."

నాన్న నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. "నాకూ ఓ ఓటుంటే బాగుండును సూరమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన మరెవరి దగ్గరా అనగా నేను వినలేదు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికలోనూ నాన్న ఆ బల్ల దగ్గరే కూర్చుని ఇతరుల పేర్లు పిలిచాడు. దేశంలో అందరికీ ఓటు వచ్చేనాటికి ఆయన లేడు. అత్త ఉంది. రోలుగుంట నుంచి, కొండల మీంచి వచ్చిన ఆడవాళ్ళతో కలిసి, కర్ర పట్టుకుని, పెద్ద వరసలో నిలబడింది. ఆవిడ కోసం కారేమీ రాలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అరుగులు లేవు, అక్కడ బట్టల కొట్టు వెలిసింది. రాజ్యం, నేను ఒకే ఆటోలో వెళ్ళి ఓటు వేసి వస్తాం. ఒకళ్ళ ఓటు చూసి ఒకళ్ళు కుళ్ళుకునే కాలం పోయింది. మొదటిసారి నా చేతికి ఓటు కాగితం వచ్చిన రోజున మాత్రం, ఇది చూసి కుళ్ళుకోవడానికైనా నాన్న ఉంటే బాగుండునని అనిపించింది. ఓట్లు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.