సెమీఫైనల్లో నేను తీసిన చీటీ

మా చిన్నప్పుడు... ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు బోధన్ రోడ్డు పొడుగునా బారులు తీరే చలికాలంలోనే ఫుట్‌బాల్ కప్పు కూడా మొదలయ్యేది. నాకౌట్ పోటీ. ఒక్క మ్యాచ్ ఓడితే చాలు, బూట్లు సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టాల్సిందే.

మాది మోస్రా దగ్గర పల్లె. మా ఊరి టీంలో గోల్స్ కొట్టేది మా అన్న గంగాధర్, నాకంటే పదేళ్ళు పెద్ద. పదకొండు మందికి ఏడు జతల బూట్లే ఉండేవి... మిగతావాళ్ళు కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఆడేవాళ్ళు. ఆ ఏడాది వాళ్ళకు ఏం పూనిందో ఏమో, మొదటి రౌండ్ గెలిచారు, రెండోదీ గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో అన్న ఒక్కడే రెండు గోల్స్ కొట్టాడు. అవ్వ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఇల్లంతా ఒకటే దగ్గు!

ఫైనల్ చూడటానికి హైదరాబాద్ నుంచి పెద్ద టీం వాళ్ళు వస్తారని, నచ్చినవాళ్ళను తీసుకుపోయి ఉద్యోగం కూడా ఇస్తారని అందరూ చెప్పుకునేవాళ్ళు. సెమీఫైనల్ చూడటానికి మాత్రం వాళ్ళు రారు. అన్నకు కావలసింది ఆ ఒక్క ఫైనల్.

"ఇగ ఇదే ఆఖరు గంగాధర్... ఫైనల్ ఆడినంక వాళ్ళు తీస్కపోతె పో, నేనేం అడ్డం రాను. లేకుంటె బంతి బంద్. చేను పని ఒక్కన్ని ఎంతని చేసుడు?" అన్నాడు బాపు. అప్పటికే నడుం నొప్పితో వంగలేకపోతున్నాడు పాపం... అన్న సరేనన్నాడు.

సెమీఫైనల్ నిజామాబాద్‌లోని కంఠేశ్వర్ బస్తీ పిల్లలతో. బాపు నన్నూ తీసుకెళ్ళాడు. అప్పుడు నేను మూడో తరగతి. అన్న కొట్టిన బంతి ఒకసారి గోల్ కర్రకు తగిలి వెనక్కొచ్చింది... గ్రౌండంతా "అయ్యో" అంది. ఆట ముగిసింది, ఒక్క గోలూ లేదు. ఇంకో అరగంట ఆడించారు, అప్పుడూ లేదు. పొద్దు గుంకింది. బంతి కనిపించడం లేదు, గ్రౌండ్‌లో లైట్లు లేవు, తెల్లారితే ఫైనల్.

"చీటీలేద్దాం" అన్నాడు రిఫరీ. స్టీలు గ్లాసులో రెండు చీటీలు. ఎవరి పేరొస్తే వాళ్ళు ఫైనల్‌కు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో కాలువ నీళ్ళు ముందు ఎవరి చేనుకు పారాలో కూడా చీటీలతోనే తేల్చేవాళ్ళు. పెద్దవాళ్ళు తీస్తే పేచీలొస్తాయని పిల్లలతో తీయించేవాళ్ళు. వరసగా రెండు ఎండాకాలాలు నేను తీస్తే మా పేరే ముందొచ్చింది. ఇంకేముంది... "గీ పొల్ల చెయ్యి మంచిది" అని ఊరంతా ఒకటే మాట. నేను కూడా నిజమేననుకుని తెగ నీలిగేదాన్ని.

అన్నకు అదే గుర్తొచ్చినట్టుంది. గ్రౌండ్ మధ్య నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చి నన్ను చంకనెత్తుకున్నాడు. "మా చెల్లె తీస్తది సార్" అన్నాడు. కంఠేశ్వర్ కెప్టెన్ నవ్వేశాడు. "తియ్యనీయ్ అన్నా, సిన్నపోరికి ఏమెరుక!"

అన్న ఒళ్ళంతా చెమట, మట్టి. నా చెవిలో మెల్లగా, "ఏం భయపడకు చెల్లె... నీళ్ళ చీటీ తీసినట్టే తియ్యి" అన్నాడు.

గ్లాసులో చెయ్యి పెట్టాను. ఒక చీటీ వేలికి తగిలింది. దాన్ని వదిలేసి అడుగున ఉన్నది తీశాను. నీళ్ళ చీటీ ఎప్పుడూ అడుగు నుంచే తీసేదాన్ని మరి...

రిఫరీ విప్పి చదివాడు. "కంఠేశ్వర్."

వాళ్ళ పిల్లలు ఎగిరి గంతులేశారు. ఒకడైతే "బంగారు తల్లివి" అంటూ నా బుగ్గ గిల్లాడు. "సార్... మల్ల తీస్త" అన్నాను. "ఒక్కసారే బిడ్డా" అన్నాడు రిఫరీ, పాపం మెత్తగానే.

ఇంటికొచ్చే దారిలో ఎవరైనా ఒక్క మాట తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. అన్న పల్లీలు వలిచి నా చేతిలో పెడుతూనే ఉన్నాడు... నేను అవన్నీ గుప్పిట్లోనే పట్టుకున్నాను. వారం తిరగకుండానే అన్న కత్తి పట్టుకుని చెరకు కొట్టడానికి దిగాడు. ఆ తర్వాత బంతి ముట్టలేదు. ఆ చీటీ మాట అన్న ఎత్తలేదు, నేను అడగలేదు. ఏమని అడుగుతాను?

నేను కాపురానికి వచ్చిందీ కంఠేశ్వర్‌కే... చూడండి నా రాత! ఇక్కడ ఆడవాళ్ళ ఫంక్షన్లలో చీటీ తీయమంటే ఇప్పటికీ పని ఉన్నట్టు వంటింట్లోకి జారుకుంటాను.

చెరకు ఫ్యాక్టరీ మూతపడింది. అన్న ఇప్పుడు వరి వేస్తున్నాడు. పోయిన నెల ట్రాక్టర్ సామాను కోసం నిజామాబాద్ వచ్చాడు. సాయంత్రం నా స్కూటీ మీద వెళ్తుంటే గ్రౌండ్‌లో ఏదో నాకౌట్ మ్యాచ్. "ఆపు చెల్లె" అన్నాడు. మ్యాచ్ సమమైంది. ఇప్పుడు లైట్లున్నాయి, చీటీలతో పని లేదు, పెనాల్టీలే. ఆఖరి పిల్లగాడు బంతిని గోల్ పైనుంచి కొట్టేసి, గడ్డిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపం అన్నా..." అన్నాను.

అన్న ఆ పిల్లగాడినే చూస్తూ అన్నాడు. "ఏడ్వనీ చెల్లె... వానికి ఒక్కసారి తన్నే మోకా అయితె దొరికింది."

ఆ సెమీఫైనల్ గురించి ఇన్నేళ్ళలో అన్న నోట వచ్చింది ఆ ఒక్క మాటే. స్కూటీ స్టార్ట్ చేశాను, అంతే.

మీ తప్పేమీ లేకుండానే మీ చేతుల మీదుగా మీ వాళ్ళది ఏదైనా పోయిందా? పోతే, తర్వాత వాళ్ళతో ఏం మాట్లాడారో కాస్త రాయండి... మా అన్నకు ఏం చెప్పాలో నాకింకా తెలియడం లేదు.